స్నానాల గది దాకా ఆలోచించాలి

వృద్ధులు, దివ్యాంగులు ఉన్న ఇళ్లలో మార్పులు చాలావరకు వాకిట్లో ర్యాంపు కట్టడంతోనే ఆగిపోతున్నాయి. మా అమ్మగారి చక్రాల కుర్చీ ర్యాంపు ఎక్కి హాల్లోకి సులువుగానే వచ్చింది గానీ, స్నానాల గది తలుపు ఇరుకై అక్కడే నిలిచిపోయింది. పైగా ఆ తలుపు లోపలికి తెరుచుకునేది కావడంతో, లోపల ఎవరైనా పడిపోయి అడ్డుగా ఉంటే బయటివారు తెరవలేరు. ఆసరాకు తువ్వాలు వేసుకునే కడ్డీయే దిక్కయితే అది మనిషి బరువుకు ఊడివస్తుంది (చాలా ఇళ్లలో ఉన్న ఏర్పాటు అదే). ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు, 90 సెంటీమీటర్ల వెడల్పున్న తలుపు, గోడలోకి బలంగా బిగించిన పట్టుకడ్డీలు ప్లాను దశలోనైతే పెద్ద ఖర్చు కావు కనుక, ఇళ్లకు అనుమతులిచ్చే సంస్థలు కనీసం ఒక స్నానాల గదికైనా వీటిని తప్పనిసరి చేయాలి. పాత ఇళ్ల విషయంలో, రోగిని ఇంటికి పంపించే ముందే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తోడ్పడే నిపుణులు) ఆ ఇంటిని పరిశీలించే ఏర్పాటు ఆసుపత్రులు చేయాలి.