చిన్న ఇంజిన్, ఆటోమేటిక్ గొడవ మీద నా మాట

హాయ్ అందరికీ, చిన్న ఇంజిన్ అంటే స్లో, ఆటోమేటిక్ నడిపేవాళ్ళకి డ్రైవింగ్ రాదు అంటూ నిన్న రాత్రి నుంచి నడుస్తున్న గొడవ మొత్తం చదివా. పోర్షే 2016లో తన స్పోర్ట్స్ కారు కేమన్‌లో ఆరు సిలిండర్ల 2.7 లీటర్ల ఇంజిన్ తీసేసి నాలుగు సిలిండర్ల 2.0 లీటర్ల టర్బో (లోపలికి గాలి ఎక్కువ నెట్టి పవర్ పెంచే ఇంజిన్) పెట్టింది, పవర్ 275 నుంచి 300 పీఎస్‌కి (హార్స్‌పవర్ లాంటి కొలత) పెరిగింది, 380 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 1950 ఆర్‌పీఎంకే, అంటే ఇంజిన్ నిమిషానికి 1950 సార్లు తిరిగేటప్పుడే వచ్చేస్తుంది, కాబట్టి చిన్న ఇంజిన్ అంటే స్లో అనే మాట తప్పు. పీడీకే గేర్‌బాక్స్ (పోర్షే ఆటోమేటిక్) కూడా 0 నుంచి 100 కి.మీ. స్పీడ్ అందుకోవడంలో మాన్యువల్ కంటే ఫాస్టే, మనలో ఎవరి చెయ్యీ అంత స్పీడ్‌గా గేర్ మార్చలేదు, ఒప్పుకోవాలి.

కానీ ఆ సౌండ్? మా ఫ్రెండ్ పాత కేమన్‌లో పక్కన కూర్చున్నా, సెకండ్ గేర్‌లో ఏడు వేల ఆర్‌పీఎం దాటేదాకా లాగాడు, వీపు వెనక నుంచి వచ్చిన ఆ అరుపుకి ఒళ్ళు పులకరించింది, మలుపు ముందు బ్రేక్ మీద కాలు తియ్యకుండానే మడమతో యాక్సిలరేటర్ తట్టి థర్డ్ నుంచి సెకండ్‌కి దించాడు చూడండి, అబ్బా! టర్బో దాంట్లో స్పీడ్ ఉంది గానీ ఆ అరుపు లేదు. అందుకే 2020లో కేమన్‌లోనే ఖరీదైన రకం జీటీఎస్‌కి మళ్ళీ ఆరు సిలిండర్ల 4.0 లీటర్ల ఇంజిన్ వచ్చింది, అదీ మొదట మాన్యువల్‌తోనే. పోర్షే వాళ్ళ ఇంకో స్పోర్ట్స్ కారు 911 జీటీ3కి కూడా 2013లో పీడీకే ఒక్కటే అన్నారు, 2017కి మాన్యువల్ తిరిగొచ్చింది, అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టేగా.

రోజూ ట్రాఫిక్‌లో నలిగే అన్నలు ఆటోమేటిక్ తీసుకుంటే తప్పేం లేదు, వాళ్ళని డ్రైవింగ్ రానోళ్ళు అనొద్దు ప్లీజ్, నిన్న ఆ మెసేజ్ చూసి నిజంగా బాధేసింది.