మాత్రను సగం చేసే తల్లుల తరఫున

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారములు.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించే తీవ్రమైన మానసిక జబ్బు. ఇప్పుడు వాడికి చెవిలో అలాంటి మాటలేవీ వినిపించడం లేదు, రాత్రిపూట నిద్ర పడుతోంది, ఊళ్లోని రైస్ మిల్లులో బస్తాల మూతులు కుట్టే పనికి వెళ్తున్నాడు. ఇదంతా జబ్బును అదుపులో ఉంచడానికి రోజూ వేసుకునే రిస్పెరిడోన్ మీద, దానివల్ల వచ్చే చేతుల వణుకును తగ్గించే ట్రైహెక్సిఫెనిడిల్ మీద ఆధారపడి ఉంది. మా దగ్గరి సామాజిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలు దొరికిన నెల ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉంటాం. "స్టాకు రాలేదు, వచ్చే వారం రండి" అన్న నెల మాత్రం మా అమ్మ మిగిలిన మాత్రలను కత్తిపీట మీద సగానికి కోసి, చెదిరిన పొడిని కూడా వేలితో ఎత్తి పొట్లం కడుతుంది. మోతాదు తగ్గితే జబ్బు తిరగబెడుతుందని ఆమెకు బాగా తెలుసు. అయినా విశాఖ వెళ్లి రావాలంటే ఇద్దరి కూలీ, బస్సు చార్జీలూ పోతాయి గనుక అలా చేస్తుంది.

అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలోనూ ఎల్లవేళలా ఉచితంగా దొరకాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నిర్దేశించింది. కాబట్టి మేము కొత్త పథకమేదీ అడగడం లేదు. ఏ కేంద్రంలో ఏ మందు ఎంత ఉందో ప్రతి నెలా మొదటి తేదీన బోర్డు మీద రాయించి, అయిపోకముందే తెప్పించే బాధ్యతను ఒక అధికారికి అప్పగించండి. మాత్రలు మరచిపోయేవారికి కొన్ని వారాలకు ఒకసారి ఇచ్చే ఫ్లూఫెనజిన్ ఇంజక్షన్‌ను కూడా అక్కడే వేయించండి.

సదరం సర్టిఫికెట్ విషయం కూడా మీ దృష్టికి తేవాలి. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా పని, వీటికి జబ్బు ఎన్నాళ్లుగా ఉందో జోడించి ఐడియాస్ అనే కొలమానంతో వైకల్యాన్ని లెక్కిస్తారు. 40 శాతం ఉంటేనే పింఛను. మళ్లీ పరీక్షకు వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా, మిల్లు పని సంగతి చెబితే పింఛను పోతుందేమోనని అమ్మ హడలిపోతుంది. కోలుకుంటున్న మనిషి తన పనిని దాచుకోవలసి రావడం అన్యాయం. పనిలో చేరినవారికి కనీసం రెండేళ్లు పింఛను ఆపకుండా ఉత్తర్వులు ఇవ్వండి.

అమ్మకు వయసు పైబడింది. ఆమె తర్వాత వాడిని నేను చూసుకుంటాను. కానీ తోబుట్టువులు లేనివారి సంగతి ఏమిటి? సమాజంలో అందరి మధ్య బతికే హక్కును అదే చట్టంలోని 19వ సెక్షన్ ఇచ్చింది. ఇంటివాళ్లు లేరన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని కూడా చెప్పింది. అలాంటివారు ఉండడానికి జిల్లాకు ఒక్కటైనా సహాయక గృహం ఏర్పాటు చేసి, వచ్చే బడ్జెట్‌లో దానికి విడిగా నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అన్న