సెల్లో జబ్బు అబద్ధం, నల్లబడే మూత్రం నిజం

సంపాదకుల వారికి,

వింత జబ్బుల వార్త వస్తే చాలామంది ‘నమ్మేలా ఉందా’ అని చూసి తేల్చేస్తారు. ఆ కొలతతో డాక్టర్లే బోల్తాపడ్డారు. సెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం వాయించేవాళ్లకు వృషణాల సంచి చర్మం ఒరుసుకుపోతోందని 1974లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఓ చిన్న ఉత్తరం అచ్చయింది. తర్వాత వేరే వ్యాసాల్లోకీ ఎక్కింది. అది సరదాకి అల్లి, భర్త పేరుతో పంపిన ఉత్తరమని ఎలైన్ మర్ఫీ అనే వైద్యురాలు 2009లో ఒప్పుకున్నారు.

సెల్లోను మోకాళ్ల మధ్య ఉంచి, పైభాగాన్ని రొమ్ముకు ఆనించి వాయిస్తారు. అది ఆ చోట తగలనే తగలదు! వయొలిన్‌ను గడ్డం కింద బిగించి గంటల తరబడి సాధన చేసేవాళ్లకు మెడ ఎడమవైపు చర్మం మందమై మచ్చపడటం మాత్రం నిజం. మన కర్ణాటక విద్వాంసులు దాన్ని రొమ్ముకూ పాదానికీ మధ్య ఆనిస్తారు, మెడకు ఆ రాపిడే ఉండదు.

ముందు అడగాల్సింది, ఇది ఒంట్లో ఎక్కణ్నుంచి వస్తోందని. కంట్లోంచి గాజుముక్కలు రాలుతున్నాయంటారు. గాజు తయారుచేసే కణం మనిషిలో లేదు. ఎవరో పెడుతుండాలి, లేదా తనే పెట్టుకుంటుండాలి. తనే పెట్టుకుంటుంటే చూపించాల్సింది మానసిక వైద్యుడికి, టీవీ కెమెరాకు కాదు.

మూత్రం నల్లబడే ఆల్కాప్టన్యూరియా కట్టుకథలా ఉంటుంది కానీ నిజం. మాంసకృత్తుల్లో ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఒంట్లో విరిగే దారిలో ఒక ఎంజైమ్ పనిచేయక హోమోజెంటిసిక్ ఆమ్లం మూత్రంలోకి దిగుతుంది. పోసినప్పుడు రంగు మామూలే. గ్లాసులో వదిలేస్తే గాలి తగిలే పైభాగం నుంచి కొన్ని గంటల్లో నల్లబడుతూ వస్తుంది. పసిపిల్లల గుడ్డల మీది మరక సబ్బుతో ఉతికితే పోకపోగా ముదురుతుంది, సబ్బులోని క్షారం ఆ మార్పును తొందరపెడుతుంది కాబట్టి. మూత్రంలో చక్కెర చూసే పాత బెనెడిక్ట్ పరీక్షలో షుగర్ ఉన్నట్టు కనిపిస్తుంది, గ్లూకోజ్ స్ట్రిప్‌లో కనిపించదు. ఈ తేడా పట్టుకోక షుగర్ మందు మొదలుపెడితే తప్పు. ముప్పై దాటాక నడుము, మోకాళ్లు పట్టేయడం మొదలవుతుంది, చెవి మృదులాస్థి నీలి నలుపు తేలుతుంది.

ఈ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు దగ్గరి చుట్టాలేనని లండన్ డాక్టర్ ఆర్చిబాల్డ్ గారడ్ 1902లోనే రాశారు. మేనరికాలు చేసుకునే మనం ఈ మాట పట్టించుకోవాలి. ఇద్దరిలోనూ ఆ జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

పోసేటప్పుడే డికాక్షన్ రంగులో వస్తే అది వేరే సంగతి. కండరాలు దెబ్బతిన్నా, రక్తకణాలు పగిలినా అలా వస్తుంది, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బీట్‌రూట్ తిన్న మర్నాటి ఎరుపుకు మాత్రం కంగారుపడక్కర్లేదు. నిలవ ఉంచాక నల్లబడుతుంటే, ఎంతసేపటికి రంగు మారిందో రాసిపెట్టుకుని పిల్లల డాక్టరుకు చెప్పండి, మూత్రంలో ఆర్గానిక్ యాసిడ్స్ పరీక్ష అడగండి.

— ఒక బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు, వరంగల్