బడి భోజనంలో గుమ్మడికి చోటివ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరుతో మన రాష్ట్రంలో మధ్యాహ్న బడి భోజనం నడుస్తోంది. ఆ భోజనంలోనూ అంగన్‌వాడీ కేంద్రాల్లోనూ తీపి గుమ్మడికాయను వారానికి ఒక్కరోజైనా వండించాలని అధికారులను కోరుతున్నాను.

సంక్రాంతికి పూలు గొబ్బెమ్మలకు పెట్టి, కాయ దప్పళంలో వేసుకుని, ఆపైన ఏడాదంతా గుమ్మడి ఊసే ఎత్తం. దాని పసుపుపచ్చని కండలోని బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ 'ఎ'గా మారుతుంది. అది కొరవడితే వచ్చేదే రేచీకటి. అయితే ఇది కొవ్వులో కరిగే పదార్థం కనుక, పలచని సాంబారులో నాలుగు ముక్కలు పడేయడం కంటే కాస్త నూనెతో కూర చేసి పెడితేనే పిల్లల ఒంటికి పడుతుంది. ముదిరిన కాయను తొడిమతో కోసి, గాలి తగిలేచోట ఉంచితే రెండు మూడు నెలలు చెడదు. వరదకు లంకల్లో పాదులు మునిగి కూరగాయల ధరలు మండే శ్రావణ భాద్రపదాల్లో వంటవారికి ఈ నిల్వే ఆసరా.

గింజలనైతే పీచుతో సహా పెంటకుప్పలో వేస్తున్నాం. అవే గింజలను పట్నంలో పొట్లాలు కట్టి అమ్మితే ఎగబడి కొంటున్నాం! వలిచిన పప్పు 100 గ్రాముల్లో సుమారు 30 గ్రాముల మాంసకృత్తులు, 7 మిల్లీగ్రాముల జింకు, 500 మిల్లీగ్రాములకు పైగా మెగ్నీషియం ఉంటాయి. బడిలో ఇచ్చే పల్లీ చిక్కీలో ఈ పప్పు కొంత కలపవచ్చు. గట్టి పెంకు వలవడం విసుగు పుట్టించే పనే. కూలి గిట్టేలా ధర ఇస్తే మహిళా సంఘాలు ముందుకు రాకపోవు. అంగన్‌వాడీ పసివారికి మాత్రం గొంతుకు అడ్డం పడకుండా పొడి చేసి కలపాలి.

ఈ గింజలు కడుపులోని పురుగులను పోగొడతాయని మన పెద్దలు నమ్మేవారు. అలాగని బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మాన్పించకూడదు. మధుమేహాన్ని మాయం చేస్తాయంటూ ఫోన్లలో తిరిగే సందేశాలనూ నేను సమర్థించను. నేను అడుగుతున్నది మందు కాదు, కూర. జూన్‌లో బడులు తెరిచేలోగా లంక రైతులతో మాట్లాడి, కాయలను నేరుగా కొనే ఏర్పాటు చేయాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోనసీమ