ముందు గుంతలు, తర్వాతే విత్తనాలు

చంద్రగిరి,
మే 30.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పూతలపట్టు దగ్గర కొన్న ఇంటి వెనక పన్నెండు సెంట్ల ఖాళీ స్థలం ఉందనీ, మృగశిర కార్తె వచ్చేలోగా కూరగాయల విత్తనాలన్నీ వేసేయాలని చెల్లెమ్మ పట్టుబడుతోందనీ, పండ్ల చెట్ల సంగతి తర్వాత చూసుకుందామని నువ్వూ తలూపావనీ రాశావు. చదివి నవ్వుకున్నాను. 2019లో మేము ఈ ఇంటికి వచ్చినప్పుడు నేనూ ఇదే తొందరలో ఉన్నాను. ఆ తొందర చేసిన నిర్వాకం ఇప్పటికీ మా నీళ్ళతొట్టి పక్కన మామిడి చెట్టు రూపంలో నిలబడి నన్ను వెక్కిరిస్తూనే ఉంది.

వంకాయ మడి ఈ ఏడు ఇక్కడ బాగాలేకపోతే పై ఏడు ఇంకోచోట వేసుకోవచ్చు కానీ, చెట్టును పెకలించి పక్కకు జరపలేము. కాబట్టి ముందు చెట్ల చోటు తేల్చుకో. నేను ఆ మామిడిని మడులకు దక్షిణంగా పెట్టాను. జూన్ మాసంలో మన ఊళ్ళలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు గనుక నీడ సంగతి నాకు తట్టలేదు. కార్తీకం వచ్చి పొద్దు దక్షిణానికి వాలేసరికి చెట్టు నీడంతా ఉత్తరాన ఉన్న మడుల మీద పరుచుకుంటోంది, సరిగ్గా కూరగాయలు బాగా కాయవలసిన చలికాలంలోనే. అందువల్ల పెద్ద చెట్లను ఉత్తరం వైపు, పడమర వైపు పెట్టు. పడమర చెట్టు ఉంటే వేసవిలో సాయంత్రపు ఎండ కూడా మడుల మీద పడకుండా కాస్తుంది. అమ్మ దగ్గర గుప్పెడు ముగ్గుపిండి తీసుకుని, ఒక్కొక్క చెట్టు పెద్దదయ్యాక ఎంత విస్తరిస్తుందో అంత వలయం నేల మీద గీసి చూడు. మామిడికీ మామిడికీ ముప్పై అడుగులు, నిమ్మకు ఇరవై, జామకు పదహారు నుంచి ఇరవై అడుగులు వదిలితే, పన్నెండు సెంట్లు ఎంత చిన్నదో నీకే అర్థమవుతుంది. రెండు మామిళ్ళు, ఒక నిమ్మ, ఒక జామ, ఒక సపోటా, గోడ వారగా మునగ, కరివేపాకు, ఇంతకు మించి ఆశపడకు.

చోటు తేలగానే గుంతలు తవ్వించు. మామిడికి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. నిమ్మకూ జామకూ రెండడుగులు చాలు. తవ్వేటప్పుడు పైమట్టిని ఒక పక్క, అడుగుమట్టిని మరో పక్క పోయించు. గుంతను రెండు వారాలైనా తెరిచి ఉంచు. రోళ్ళు పగిలే ఈ రోహిణి ఎండే దానికి మొదటి మందు, అందులోని పురుగూ గుడ్లూ మాడిపోతాయి. ఆ తర్వాత పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు రెండు గంపలు, రెండు కిలోల వేపపిండి కలిపి నింపు. పచ్చి పేడ మాత్రం వద్దు, చెదలు పట్టి లేత వేరును తినేస్తాయి.

నింపేముందు ఒక పరీక్ష ఉంది, దీన్ని మాత్రం మానవద్దు. గుంతలో నాలుగు బిందెల నీళ్ళు పోసి మర్నాడు ఉదయం చూడు. మాది పైకి ఎర్రనేలే అయినా రెండడుగుల కింద గడ్డపార దిగని మొరం ఉంది, నీళ్ళు ఇంకవు. నేను ఆ సంగతి చూసుకోకుండా గుంతల్లో ఆరు బొప్పాయి మొక్కలు పెట్టాను. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన ఆ వానలకు వాటి మొదళ్ళలో మూడు రోజులు నీళ్ళు నిలిచాయి, వారం తిరగకుండా ఆరూ మొదలు కుళ్ళి పడిపోయాయి. మన ప్రాంతానికి అసలు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయన్న మాట జూన్ తొలకరి సంబరంలో ఎవరికీ గుర్తుండదు. నీరు ఇంకని చోట బొప్పాయిని అడుగు ఎత్తు దిబ్బ మీద నాటుకోవాలి.

ఇక మొక్కల కొనుగోలు. అంటు మొక్క, అంటే నాటు టెంక మొక్క మొదలు మీద మంచి రకం కొమ్మను అతికించినది, కొనేటప్పుడు అంటు కట్టిన చోటు బాగా అతుక్కుందో లేదో చూసి తీసుకో. నాటేటప్పుడు ఆ అతుకు నేలకు జానెడు పైనే ఉండాలి, దాని మీద ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే విప్పేయాలి. నా మామిడి కథ ఇక్కడే చెడింది. బేనిషా (బంగినపల్లి) అంటు మొక్కను తెచ్చి, గట్టిగా నిలబడుతుందని అతుకు దాకా మట్టి కప్పాను. ఏడాది తిరిగేసరికి పై కొమ్మ ఎండిపోయింది, మొదట్లోంచి ఎర్రటి చిగురొకటి నిగనిగలాడుతూ వచ్చింది. చెట్టు బతికిందని నేను మురిసిపోయి రోజూ నీళ్ళు పోశాను. అది అంటు కింద ఉన్న నాటు టెంక మొక్క చిగురట! ఆరో ఏట కాసిన నాలుగు కాయలూ ఒట్టి పీచు. మా అమ్మ వాటిని ఊరగాయకు కూడా ఒప్పుకోలేదు. అతుకు కింద ఏ చిగురు వచ్చినా వెంటనే గిల్లేయవలసిందే.

నిమ్మలో మాత్రం బాలాజీ రకం అడుగు. అది మన తిరుపతి పరిశోధన స్థానం నుంచే వచ్చింది, గజ్జి తెగులును తట్టుకుంటుంది. మొక్కలను రెండు మూడు మంచి వానలు పడి నేల లోపలిదాకా తడిసిన తర్వాత, జూలైలో, సాయంత్రం పూట నాటు. పక్కన ఊతకర్ర పాతి వదులుగా కట్టు. మొదటి రెండు మూడేళ్ళు మామిడికి పూత వస్తే తుంచేయమని చెల్లెమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచు, అప్పుడు చెబితే ఒప్పుకోదు.

గుంతలు ఎండుతున్న ఈ రెండు వారాల్లో కూరగాయల పని జరిపించవచ్చు. వంగ, టమోటా, మిరప నారు పోసుకో. మొదటి రెండూ నెల నారైతే చాలు, మిరపకు నలభై రోజులు. బెండ గింజలను రాత్రి నానబెట్టి, తొలి వాన పడిన మర్నాడు అడుగున్నరకు రెండేసి గింజలు నేరుగా విత్తు. బీర, కాకర, సొర పాదులను తూర్పు పందిరికి పాకించు. టమోటా పదిహేను మొక్కలకు మించి పెట్టకు. మదనపల్లె కాయ మన సంతల్లోకి దిగిన రోజున పెరటి టమోటాను పనిమనిషి కూడా తీసుకోదు. అనపలు (చిక్కుడు జాతి గింజలు, సొరకాయ కాదు) మాత్రం కంచె పొడుగునా వెయ్యి. పొద్దు కురచబడితే గానీ అది పూతకు రాదు. ఇప్పుడు విత్తినది సంక్రాంతి నాటికి అందుతుంది. రాత్రి నానబెట్టిన పచ్చి గింజలను వేళ్ళ మధ్య నొక్కితే తొక్క ఒకపక్కకు, పప్పు ఒకపక్కకు జారుతుంది చూడు, ఆ పితికిపప్పు సంగటిలోకి తిన్న తర్వాత మిగతా కూరగాయల మాట నువ్వే ఎత్తవు.

కోతుల గురించి అడిగావు. మాకు శేషాచలం కొండల నుంచి మందలుగా దిగుతాయి, జామకాయ పండేదాకా ఆగవు. కాకర, మిరప, నిమ్మ జోలికి మా ఇంట ఇంతవరకు రాలేదు. మీ వైపు వాటి బెడద ఎంతో ఇరుగుపొరుగును అడిగి, ఎక్కువైతే జామ గుంతను వంటింటి కిటికీకి ఎదురుగా మార్చు, చెల్లెమ్మ కంట్లో ఉంటుంది.

మా అనప విత్తనాలు బూడిద కలిపి దాచాను, పదో తేదీన చిత్తూరు వచ్చే పని ఉంది, అప్పుడు తెచ్చిస్తాను. ఈలోగా గుంతలో నీళ్ళు పోసి, తెల్లవారేసరికి ఎంత ఇంకాయో జానలతో కొలిచి రాయి. దాన్నిబట్టి బొప్పాయిలు ఎక్కడ పెట్టాలో చెబుతాను.

ఇట్లు,
నీ మిత్రుడు