హీట్ పంపు కొటేషన్‌లో చూడాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండులో గ్యాస్ బాయిలర్లు తీసేసి హీట్ పంపులు పెట్టించుకుంటున్న మనవాళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. నేను భీమవరం ఐసు ఫ్యాక్టరీల్లో, రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు నాటింగ్‌హామ్‌లో ఈ హీట్ పంపులే బిగిస్తున్నాను. బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి పంపుతుందని, ఏసీని తిరగేసినట్టే పనిచేస్తుందని మీరు రాసింది సరైనదే. ప్రభుత్వం ఇచ్చే 7,500 పౌండ్ల సాయం సంగతీ చెప్పారు. అయితే వ్యాసమంతా పెరట్లో పెట్టే ఆ పెట్టె చుట్టూనే తిరిగింది. నాకు ఫోన్ చేసే తెలుగు కుటుంబాల ఇళ్లలో పెట్టె బాగానే ఉంటుంది, ఇంట్లో బిగించాల్సినవే సరిగ్గా ఉండవు.

ముందు రేడియేటర్ల సంగతి, అంటే లోపల వేడినీళ్లు తిరుగుతూ గదిని వెచ్చబరిచే గోడ పలకల సంగతి. గ్యాస్ బాయిలర్ నీళ్లను 65, 70 డిగ్రీల వేడితో పంపేది. హీట్ పంపు తక్కువ కరెంటుతో నడవాలంటే 45 దగ్గర ఆపాలి, ఇంకా తగ్గించగలిగితే ఇంకా మంచిది. ఆ నీళ్లతో పాత రేడియేటరు తన కేటలాగులో రాసిన వేడిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే ఇస్తుంది. అందుకే ఏ గదిలోంచి ఎంత వేడి బయటికి పోతోందో లెక్క కట్టి, చాలనిచోట పెద్దవి పెట్టాలి. ఆ లెక్కే వేయకుండా "పాతవి సరిపోతాయి" అని ఒక కంపెనీ బిగించి వెళ్లిన ఇంటికి నన్ను పిలిచారు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ హాల్లో మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు. "బాబూ, ఆ గ్యాసుదే మళ్లీ పెట్టించెయ్యి" అన్నారు నన్ను చూడగానే. కోడలేమో నీళ్ల వేడిని 60కి పెంచి, కరెంటు బిల్లు చూసి టెన్షన్ పడుతోంది. హాల్లోనూ రెండు పడక గదుల్లోనూ రేడియేటర్లు మార్చాం, వేడి మళ్లీ 45కి దించాం. పంపును ముట్టుకోలేదు.

పైపులూ చూడాలి. ఇక్కడి కొన్ని పాత ఇళ్లలో 8, 10 మిల్లీమీటర్ల సన్న రాగి పైపులు వేశారు. హీట్ పంపులో వెళ్లే నీళ్లకూ తిరిగొచ్చే నీళ్లకూ తేడా 5 డిగ్రీలే కాబట్టి, అంతే వేడి అందాలంటే బాయిలర్ కంటే ఎక్కువ నీళ్లు తిరగాలి. సన్న పైపులో అన్ని నీళ్లు పోవు.

ఇక వేడినీళ్ల సిలిండర్. కుళాయి తిప్పగానే నీళ్లు కాచి ఇచ్చే కాంబి బాయిలర్ ఉన్న ఇంట్లో ఇది ఉండదు. హీట్ పంపుకు సుమారు 200 లీటర్లది కావాలి, దానికి నిలువెత్తు అల్మరా ఖాళీ చేయాలి. మనవాళ్ల ఇళ్లలో చాలాసార్లు ఆ అల్మరాలోనే దేవుడి పటాలు ఉంటాయి. దేవుణ్ణి ఎక్కడికి మార్చాలన్న చర్చ తేలేదాకా నేను టేపు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటాను.

చలికాలంలో బయటి పెట్టెకు మంచు పేరుకుంటుంది. గడ్డకట్టే చలిలో కంటే, 2, 3 డిగ్రీల తేమ గాలిలోనే ఈ బాధ ఎక్కువ. దాన్ని కరిగించడానికి పంపు కాసేపు ఉల్టాగా నడిచి ఇంట్లో తిరిగే నీళ్లలోంచే వేడి తీసుకుంటుంది. ఆ నీళ్లు చాలకపోతే చిన్న ట్యాంకు ఒకటి కలపాలి. కరిగిన నీరు నడిచే దారిలోకి పోతే అక్కడే గడ్డకడుతుంది, జారి పడతారు. కింద కంకర గుంత తీసి అందులోకి వదలాలి. కరెంటు పోయినప్పుడు బయటి పైపులో నీళ్లు గడ్డకట్టి యంత్రం పగలకుండా, నీళ్లను వదిలేసే వాల్వులు పెట్టాలి, లేదా నీళ్లు గడ్డకట్టకుండా చేసే గ్లైకాల్ అనే ద్రవం కలపాలి. పాత రేడియేటర్ల తుప్పును పట్టే అయస్కాంతం ఫిల్టరు కూడా ఉండాలి. ఇవన్నీ చిన్న సామాన్లే. కొటేషన్‌లో ధర తగ్గించాలనుకున్నవాడు మొదట కోసేదీ వీటినే.

మన హైదరాబాదులో హోటళ్లు, హాస్టళ్లు వేడినీళ్లకు హీట్ పంపులు పెట్టుకుంటున్నాయి. అక్కడ బోరునీళ్ల సున్నం లోపలి పైపులకు పేరుకుంటుంది కాబట్టి, ముందు నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెట్టించుకోమనండి.

ఈసారి రాసేటప్పుడు, సంతకం పెట్టేముందు గది గదికీ వేసిన వేడి లెక్క కాగితం అడగమని పాఠకులకు చెప్పండి. ప్రభుత్వ సాయం రావాలంటే ఎంసీఎస్ (ఇలాంటి పరికరాలు బిగించేవాళ్లకు ఇక్కడ సర్టిఫికెట్ ఇచ్చే పథకం) గుర్తింపు ఉన్నవాళ్లే బిగించాలి, వాళ్లు ఆ లెక్క వేయాల్సిందే. అడిగినా చూపించనివాడికి అడ్వాన్సు ఇవ్వొద్దని కూడా రాయండి.

ఇట్లు,
ఒక హీట్ పంపు మెకానిక్,
నాటింగ్‌హామ్ (స్వస్థలం భీమవరం)