పనిగంటలు పెంచే ముందు, మిషన్ ఆగిన గంటలు లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పనిగంటల మీద మీ ఉత్తరాల పేజీలో వస్తున్నవన్నీ చదువుతున్నాను. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది. ఆ ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు కాకుండా మిగతా వాణిజ్య సంస్థల్లో, వారానికి 48 గంటల పరిమితి ఉంచి, రోజుకు 10 గంటలు చేయించుకోవచ్చంది. వీటి మీద ఉద్యోగులు రాశారు, యూనియన్ల వాళ్ళు రాశారు, రిటైరైన పెద్దలు రాశారు. చిన్న యజమానులు రాసినవి మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు. నేను ఒక చిన్న యజమానిని. అందుకే రాస్తున్నాను.

విజయవాడలో మాకు ప్రింటింగ్ ప్రెస్ ఉంది. నాన్నగారు పెట్టింది. ఆయన రోజుల్లో పాతకాలపు ట్రెడిల్ అచ్చు మిషన్, సీసపు అక్షరాలు. ఇప్పుడు ఒక సింగిల్ కలర్ ఆఫ్‌సెట్ మిషన్, ఒక కటింగ్ మిషన్, కంప్యూటర్‌లో డీటీపీ చేసే అమ్మాయి, మిషన్ మీద బాబాయి, ఆయనకో హెల్పరు, బైండింగ్‌లో ఇద్దరు ఆడవాళ్ళు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రోగ్రెస్ కార్డులు మా పనులు. బాబాయి అంటున్నానే గానీ ఆయనతో చుట్టరికం లేదు. నాన్నగారి దగ్గర అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా చేరి, ఆఫ్‌సెట్ వచ్చాక మిషన్ నేర్చుకున్న మనిషి.

నాన్నగారు పోయాక తొమ్మిదేళ్ళ పాటు నేను పొద్దున ఎనిమిదికి ప్రెస్‌కు వెళ్తే రాత్రి పదకొండుకు గానీ ఇంటికి వచ్చేదాన్ని కాదు. కౌంటర్లో నేనే, ఫోన్లో నేనే, పేపరు షాపుకు నేనే, ప్రూఫులు నేనే. పండక్కి పుట్టింటికి వచ్చిన చెల్లెలితో కూర్చుని మాట్లాడిన గుర్తు లేదు. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే "ఊపిరి సలపడం లేదు" అనేదాన్ని. అలా అనడం నాకు గర్వంగానే ఉండేది. అమ్మ మాత్రం "క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు" అనేది. అమ్మకు వ్యాపారం సంగతి ఏం తెలుసులే అనుకున్నాను. కానీ నెలాఖరుకు జీతాలు, పేపరు బిల్లు, కరెంటు బిల్లు కట్టాక చేతిలో మిగిలేది చూస్తే అమ్మ మాటే నిజమయ్యేది.

కళ్ళు తెరిపించింది ఒక శుభలేఖ. మాఘమాసం, పెళ్ళిళ్ళ సీజను. రెడీమేడ్ కార్డులు తెప్పించి వాటి మీద పేర్లు, ముహూర్తం వేసివ్వడం మా పద్ధతి. డీటీపీ అమ్మాయి అంతకు ముందు పెళ్ళి ఫైలు తీసి, పేర్లు మార్చింది, తేదీ మార్చింది, ముహూర్తం గంటలు మార్చింది. వారం మార్చడం మర్చిపోయింది. ఆ పెళ్ళి శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం, తెల్లవారుజామున 4.12కి. కార్డులో మాత్రం "శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం" అని ఉండిపోయింది. ప్రూఫు నా ఫోన్‌కు వచ్చేసరికి రాత్రి పదిన్నర. ఇంకో ఫోన్లో ఒకాయన ఫ్లెక్సీ రేటు కోసం బేరమాడుతున్నాడు. పేర్లు చూశాను, ఇంటిపేర్లు చూశాను, తేదీ చూశాను. ఓకే అని పెట్టేశాను. పొద్దున్నే ఆరు వందల కార్డులు అచ్చయిపోయాయి.

తప్పు పట్టుకున్నది పెళ్ళికూతురి మేనత్త. అప్పటికి నలభై ఇళ్ళకు కార్డులు పంచేశారు. ఆ వారం నమ్ముకుని వచ్చేవాళ్ళకు కనిపించేది విప్పుతున్న పందిరే. పెళ్ళికూతురి తండ్రి మా కౌంటర్ ముందు నిలబడి, ఒక్క మాట కూడా పరుషంగా అనకుండా, నలభై ఇళ్ళకూ వరసగా ఫోన్లు చేశాడు. "అన్నయ్యా, వారం తప్పు పడింది, శుక్రవారం రాత్రికే రావాలి" అని ప్రతి ఇంటికీ మొదటి నుంచి చెప్పుకుంటూ వచ్చాడు. ఆ నలభై ఫోన్లూ నేను విన్నాను. కార్డులు మళ్ళీ తెప్పించి ఉచితంగా వేసిచ్చాం. కార్డు 28 రూపాయలు, ఆరు వందలకు 16,800 పోయాయి. డబ్బు సంగతి వదిలేయండి. నాన్నగారి కాలంలో ప్రూఫు దిద్దేటప్పుడు ఒకరు పైకి చదివితే ఇంకొకరు వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళేవాళ్ళు. వారానికీ తిథికీ పంచాంగం పక్కన పెట్టుకునేవాళ్ళు. ఆ పనికి పదిహేను నిమిషాలు పట్టేది. రోజుకు పదిహేను గంటలు ప్రెస్‌లోనే ఉండే నాకు ఆ పదిహేను నిమిషాలు దొరకలేదు.

ఆ రాత్రి రెండోసారి కార్డులు వేస్తుంటే బాబాయి అన్నాడు, "అమ్మా, నువ్వు కష్టపడడం లేదని నేననను. కానీ రోజుకు రెండు గంటలు మిషన్ నీకోసం నిలబడి ఉంటోంది."

నాకు కోపం వచ్చింది. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. తర్వాతి సోమవారం నుంచి శనివారం దాకా వేస్టు షీటు వెనక పెన్సిలుతో మిషన్ ఎప్పుడు తిరిగింది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది రాసి నా చేతికిచ్చాడు. అప్పట్లో మిషన్ దగ్గర పని పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా. అంటే ఆరు రోజులకు 72 గంటలు. అందులో కాగితం మీద అచ్చు పడిన సమయం 27 గంటల 40 నిమిషాలు. రోలర్లు కడగడానికి, ఇంకు మార్చడానికి, ప్లేటు (అచ్చు వేయాల్సింది దించిన రేకు) ఎక్కించి సరిచేయడానికి 15 గంటల 10 నిమిషాలు. పేపరు కటింగ్ అవ్వక ఆగింది 6 గంటలు. భోజనాలు, టీలు 9 గంటలు. కరెంటు పోయింది గంటా ఇరవై నిమిషాలు. ఇక మిగిలింది 12 గంటల 50 నిమిషాలు. వాటి ఎదురుగా వరసగా "అమ్మ ఓకే కోసం", "అమ్మ ఫోన్లో", "ప్లేటు రాలేదు, అమ్మ చెప్పలేదు", "ఏది ముందో అమ్మ చెప్పాలి" అని రాసి ఉంది.

కరెంటు వాళ్ళను నేను తిట్టని రోజు లేదు. వాళ్ళ వల్ల పోయింది గంటా ఇరవై నిమిషాలు. నా వల్ల పోయింది దాదాపు పదమూడు గంటలు. ఆ పదమూడు గంటలూ నేను ఖాళీగా కూర్చోలేదు. పరుగులు పెడుతూనే ఉన్నాను. ఆ పరుగు నాది, ఆగిపోయింది పక్కవాళ్ళ పని. హెల్పరు కుర్రాడు మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని నా మొహం చూస్తూ ఉండేవాడు. ఎనిమిది దాటితే వాళ్ళమ్మ ఫోను చేసేది, ఇంకా రాలేదేమని. ఆ కుర్రాణ్ణి రాత్రి తొమ్మిది దాకా ఉంచింది పని ఎక్కువై కాదని ఆ కాగితం చూశాకే నాకు అర్థమైంది.

ఆ తర్వాత చిన్న పరిశ్రమల వాళ్ళకు పెట్టిన ఒక శిక్షణకు వెళ్ళాను. అక్కడ ఒక సంగతి చెప్పారు. 1969లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో రేకులు ఒత్తే వెయ్యి టన్నుల ప్రెస్‌కు ఒక అచ్చు తీసి ఇంకో అచ్చు బిగించడానికి నాలుగు గంటలు పట్టేదట. షిగియో షింగో అనే ఇంజనీరు మొదట దాన్ని గంటన్నరకు తెచ్చాడు, తర్వాత మూడు నిమిషాలకు. మిషన్ ఆపితే తప్ప చేయలేని పనులేవి, అది తిరుగుతుండగానే పక్కన చేసుకోగల పనులేవి అని విడదీయడం ఆ పద్ధతికి మూలం. వాళ్ళ అచ్చు వేరు, మా అచ్చు వేరు. కానీ వింటుంటే నాకు మా నాన్నగారు కళ్ళ ముందు మెదిలారు. ట్రెడిల్ రోజుల్లో సాయంత్రం ఐదు కొట్టగానే కొత్త పని ఎక్కించనిచ్చేవారు కాదు. ఆ చివరి గంట అచ్చయిన పేజీలు విప్పి అక్షరాలన్నీ వేటి గళ్ళలో వాటిని వేయించేవారు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపి వందల గళ్ళు. "రేపు పొద్దున 'క్ష' కోసం వెతుక్కుంటూ నిలబడకూడదు" అనేవారు. ఆరున్నరకు తాళం పడేది. నాన్నగారు బద్ధకంగా వ్యాపారం చేశారని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మేం చేసిన మార్పులు పెద్దవేమీ కావు. మర్నాటి ప్లేట్లు, కోసిన పేపరు, ఏ పని తర్వాత ఏదో రాసిన చీటీ సాయంత్రమే మిషన్ దగ్గరికి చేరాలి. ఒకే రంగు పనులన్నీ ఒకచోట. పసుపు ముందు, తర్వాత ఎరుపు, మెరూన్, చివర నలుపు. లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్తే కడగడం తేలిక. ఈ సంగతి బాబాయికి ముప్పై ఏళ్ళుగా తెలుసు. "అర్జెంటు, ముందు ఇది ఎక్కించు" అని మధ్యలో నలుపు వేయించింది నేనే. ప్రూఫు కాగితం మీద తీసి, పార్టీ చేత, అంటే పని ఇచ్చినవాళ్ళ చేత, సంతకం పెట్టించుకున్నాకే ప్లేటు. సాయంత్రం ఐదు దాటితే ప్రూఫు చూడం. సంతకం పెట్టిన ప్రూఫు ఉంటే మొదటి షీటు ఓకే చేసే అధికారం బాబాయిదే, నన్ను పిలవనక్కర్లేదు. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. మొదటి వారం నేను మిషన్ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

మూడు నెలల తర్వాత మళ్ళీ ఆరు రోజులు రాయించాను. ఇప్పుడు పని తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా. మొత్తం 54 గంటల్లో మిషన్ తిరిగింది 34 గంటలు. భోజనాలు, టీల 9 గంటలూ ఆ 54లోనే. వారానికి పద్దెనిమిది గంటలు తగ్గించాక అచ్చు ఆరు గంటలు పెరిగింది.

అందరూ సంతోషించారని చెప్పను. ముందే మూసేస్తామనగానే పనివాళ్ళు భయపడ్డారు, ఓవర్‌టైమ్ డబ్బులు పోతాయని. వాళ్ళ భయం న్యాయమైనదే. వచ్చే ఓటీని సగటు కట్టి నెల జీతంలో కలిపేశాను. మిషన్ ఎక్కువగా తిరిగిన ఆ ఆరు గంటలే దాన్ని భరించాయి. రాత్రి తొమ్మిదికి వచ్చి పొద్దునకు కావాలనే పాత పార్టీలు ముగ్గురు వేరే ప్రెస్‌లకు వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకరు నాన్నగారి స్నేహితుడు, ఆయన ఇంకా మాట్లాడడం లేదు. అది నాకు కష్టంగానే ఉంది. కానీ ఆయన పని కోసం ఇద్దరు ఆడవాళ్ళు రాత్రి పది దాకా కూర్చుని బిల్లు బుక్కులు కుట్టేవాళ్ళు.

నాకు మిగిలిన గంటల్లో మొదట చేసింది బాకీల పుస్తకం తీయడం. రెండు లక్షల ముప్పై వేలు రావలసి ఉంది, కొన్ని ఏడాది దాటినవి. అడగడానికి తీరిక లేక వదిలేసిన డబ్బు. రాతకోతలుంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చిన్న యూనిట్లకు డబ్బు కట్టాలని 2006 నుంచి చట్టమే ఉంది. ఆ సంగతి కూడా అప్పుడే తెలుసుకున్నాను. రెండోది ఒక్కో పనికి అసలు ఖర్చెంతో లెక్క కట్టడం. వెయ్యి కార్డులు అచ్చు వేయడానికి పావుగంట చాలు. దాని ముందూ వెనకా పనులకే గంట పైన పడుతుంది. ఆ గంటకు నేను ఏనాడూ రేటు వేయలేదు. వంద విజిటింగ్ కార్డులకు మూడు వందలు తీసుకుని, మర్యాద పేరుతో చేతి డబ్బు పెట్టుకుని వేసిచ్చాను, ఏళ్ళ తరబడి.

ఇక చర్చకు వస్తాను. నెలలో నాలుగు రోజులు గంట ఎక్కువ పని తప్పని ఫ్యాక్టరీలు ఉంటాయి. చట్టం ప్రకారం అదనపు గంటకు రెట్టింపు జీతం ఇచ్చి చేయించుకోవచ్చు. కానీ తొమ్మిది గంటల్లో మిషన్ ఎంతసేపు తిరుగుతోందో తెలియని యజమానికి పదో గంట ఇస్తే అది కూడా ఎవరి ఓకే కోసమో ఎదురుచూడడంలోనే పోతుంది. నా దగ్గర పన్నెండో గంట కూడా అలాగే పోయింది. కేంద్ర ఎం.ఎస్.ఎం.ఈ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ 2023 మార్చిలో, వృథా తగ్గించుకోవడానికని తెచ్చిన లీన్ పథకంలో ఇలాంటి లెక్కలు నేర్పే కన్సల్టెంట్ల ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే భరించేలా పెట్టారు. ఈ సంగతి మా వీధిలో ఉన్న ప్రెస్‌లలో ఎవరికీ తెలియదు. పనిగంటల జీవో గురించి ఎంత ప్రచారం జరిగిందో అందులో పదో వంతు దీని గురించి జరిగినా బాగుండేది.

సంపాదకులుగా మీకు కూడా ఒక విన్నపం. ఆదివారం సంచికల్లో వ్యాపారాల్లో పైకొచ్చిన వాళ్ళ కథలు వేస్తుంటారు. నేను వాటిని కత్తిరించి దాచుకునేదాన్ని. దాదాపు ప్రతి కథలోనూ "రోజుకు పద్దెనిమిది గంటలు కష్టపడి" అనే వాక్యం ఉంటుంది. నా తొమ్మిదేళ్ళూ ఆ వాక్యాన్ని నమ్ముకునే గడిచాయి. డీటీపీ అమ్మాయి ఇంకో రెండేళ్ళలో సొంతంగా షాపు పెట్టుకుంటానంటోంది. ఆమె కూడా అవే కథలు చదువుతోంది. ఈసారి మీ విలేఖరి అలాంటి వాళ్ళను కలిసినప్పుడు ఎన్ని గంటలు పనిచేశారని అడిగి ఊరుకోవద్దని చెప్పండి. ఏ పని మానేశారు, ఏ పని ఎవరికి అప్పగించారు, ఎన్నింటికి తాళం వేస్తారు అని కూడా అడగమనండి. ఆ జవాబులు అచ్చు వేయండి. బాబాయి రాసిన కాగితం మా కౌంటర్ వెనక గోడకు అంటించే ఉంది, ఎవరు వచ్చినా చూపిస్తాను. ఆరున్నరలోపు రమ్మనండి.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమానురాలు,
విజయవాడ